కూర్మారావు కట్టిన తాడు

మా ముందుగదిలో గోడకి ఒక ఇత్తడి షీల్డు వేలాడుతూ ఉంటుంది. దాని మీద సోమశేఖర్ అని నా పేరు, కింద 'అసాధారణ సాహసానికి' అని హిందీలో చెక్కించారు. ఏటా దసరాకి మా ఆవిడ రుక్మిణి దాన్ని చింతపండుతో తోమి తళతళలాడిస్తుంది. అది మెరిసినప్పుడల్లా నేను మొహం తిప్పుకుంటాను. ఇంటికొచ్చిన ప్రతివాడూ దాని ముందు నిలబడి, అక్షరాలు కూడబలుక్కుని చదివి, నా వైపు తిరిగి మెచ్చుకోలుగా తల ఊపుతాడు. ఆ ఊపడం చూస్తే ఇంకా అసహ్యం.

నేను చెప్పబోయేది నా గురించి కాదు, కూర్మారావు బాబాయి గురించి. కాని ఆయన గురించి చెప్పాలంటే ఆ ఇత్తడి ముక్క మా గోడెక్కిన వైనం చెప్పక తప్పదు.

కూర్మారావు నాకు చుట్టం కాదు. సోంపేట దగ్గర పల్లె నుంచి పద్దెనిమిదో ఏట జంషెడ్‌పూర్ వచ్చి, బొగ్గు దించే కూలీగా మొదలుపెట్టి, భుయ్యాడీహ్ బస్తీ దాటాక నది వైపు ఉండే మా కొలిమి ఇటుకల కార్ఖానాలో గ్యాస్ రెస్క్యూ మేస్త్రీ దాకా వచ్చినవాడు. అక్కడ మా వైపు వాళ్ళం చాలామందిమి ఉండేవాళ్ళం. వయసులో పెద్దవాడైతే చాలు, బాబాయి అని పిలిచేవాళ్ళం.

మా బట్టీలు బొగ్గు గ్యాస్‌తో మండేవి. ఆ గ్యాస్ గొట్టాలకి వాల్వులు నేలలో తవ్విన లోతైన గుంటల్లో ఉండేవి. గుంటలోకి గ్యాస్ కారితే కంటికి కనబడదు, ముక్కుకి సరిగా తెలియదు. నాలుగు గుక్కలు పీలిస్తే మోకాళ్ళు ఒరిగిపోతాయి, ఆ పైన లేవడం ఉండదు. అలా పడినవాళ్ళని పైకి తీయడం మా పని. మేము ముగ్గురం: కూర్మారావు, నేను, ఆదిబాబు. వీపుకి తగిలించుకునే గాలి సిలిండర్లు మూడు, మొహానికి పెట్టుకునే మాస్కులు రెండు. అంతే మా సైన్యం.

ప్రమాదం గంట మోగితే కూర్మారావు పరుగెత్తేవాడు కాదు, నడిచేవాడు. చూసేవాళ్ళకి ఒళ్ళు మండిపోయేది. పెళ్ళికి పోతున్నాడా ఈ ముసలాడు అని తిట్టేవారు. నేను కొత్తలో పరుగెత్తబోతే చొక్కా పట్టుకుని ఆపాడు.

"నడువు. రొప్పుతా దిగినావంటే నీ గాలి నువ్వే తినీత్తావు. ఇంక లోపలున్నోడికేటి మిగుల్తాది?"

ఆయనకి ఇంకో పట్టింపు ఉండేది. మాస్కులు ఎన్ని ఉంటే మనుషులు అంతమందే దిగాలి. "లోపల పడినోడు ఒకడు. వట్టి మొకంతో నువ్వెల్తే ఇద్దరు. మరి నిన్నెవుడు తీత్తాడు?" అనేవాడు. ఇది పుస్తకంలో చదివిన మాట కాదు. 1964లో అదే కార్ఖానాలో ఒకడు గుంటలో పడితే తీయడానికి ఇంకొకడు, వాడి కోసం మూడోవాడు, మూతికి తడి తువ్వాళ్ళు కట్టుకుని దిగారు. ముగ్గురూ పోయారు. నాలుగోవాడు కూర్మారావు. మెట్టు మీద ఒక కాలు పెట్టాడట, వెనక నుంచి ఎవరో జబ్బ పట్టి లాగేశారట. ఆ లాగినవాడెవడో గుంపులో చూసుకోలేదని, తెలిస్తే ఏటా వాడికి కొత్త పంచె పెట్టేవాణ్ణని అనేవాడు.

తడి తువ్వాలు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మా వాళ్ళకి దాని మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు. పొగకి అది కొంత పనికొస్తుందేమో గాని ఈ గ్యాస్‌కి గడ్డిపోచ కూడా కాదు. అది తెలిసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. తెలిసి ఏం లాభం!

1977 సెప్టెంబరు పదిహేడున విశ్వకర్మ పూజ. మా ఊళ్ళో కార్ఖానాల వాళ్ళకి అదే పెద్ద పండుగ. మిషన్లు ఆపి, కడిగి, సిందూరం పెట్టి, దండలు వేసి, గేట్లు బార్లా తెరుస్తారు. ఆడవాళ్ళు కొత్త చీరలు కట్టుకుని, తమ మనిషి రోజూ ఎక్కడ చెమటోడుస్తాడో చూడటానికి వస్తారు. మేమూ మా సిలిండర్లని పీట మీద పెట్టి, పసుపు పూసి, బొట్లు పెట్టాం. నిండిన సిలిండరు మెడ చుట్టూ కూర్మారావు సున్నపు గీత గీసేవాడు, వాడగానే తుడిచేసేవాడు. పసుపు కింద ఆ గీతలు కలిసిపోయాయి. మూడోదానికి కూడా పసుపు పూయబోతే ఆయన లాక్కున్నాడు.

"దీనికి పూజా వొద్దు, గీజా వొద్దు" అని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఆ ఏడు మేనేజర్ సాహెబుకి కొత్త సరదా పుట్టింది. వచ్చిన జనానికి రెస్క్యూ ఎలా చేస్తారో ఆడి చూపించాలట. నిజం గాలితో ఆటలేమిటని కూర్మారావు అడ్డం చెప్పాడు. సాహెబు వినలేదు. పైగా ఆయన్ని రెండో గేటు దగ్గర జనాన్ని అదుపు చెయ్యమని పంపేశాడు. వెళ్తూ వెళ్తూ బాబాయి నాతో చెప్పిన మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"సోమూ, ఆట అవ్వగానే రెండూ నింపించీ. గాలి నింపే గదోడు పూజని సెప్పి తొందరగా తాళమేసీత్తాడు. ముందు అది. తర్వాతే లడ్డూ."

మాస్కు పెట్టుకుని గడ్డిబొమ్మని భుజాన వేసుకుని గుంటలోంచి పైకి వచ్చాను. జనం చప్పట్లు. రుక్మిణితో నాకు పెళ్ళయి అప్పటికి నాలుగు నెలలు. ముందు వరసలో నిలబడి, పక్కనున్న ఆవిడతో 'మా ఆయనే' అంటోంది. ఇంకోసారి, ఇంకోసారి అని అరిచారు. రెండో సిలిండరు తగిలించుకుని మళ్ళీ దిగాను. అక్కర్లేని మెలికలన్నీ తిరిగాను. అది ఖాళీ అయ్యేదాకా ఆడాను. తర్వాత ఫోటో తీశారు. తర్వాత రెండు సిలిండర్లనీ, మెడలో దండలతో సహా, ఎక్కడివక్కడ కొక్కేలకి తగిలించాను. అంతలో గాలి నింపే గదివాడు తాళం వేసి ఇంటికి వెళ్ళిపోయాడు. నేను లడ్డూలు తిన్నాను, నాలుగు. ఆ నేతి రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది.

మూడింటికి గంట మోగింది. మిషన్లు ఆగిన రోజే కదా అని కాంట్రాక్టు తీసుకున్న ఠేకేదారు ఇద్దరు కూలీలని వాల్వు గుంట శుభ్రం చెయ్యడానికి దింపాడు. పూజ మనకి, బురద వాళ్ళకి. ఒక బట్టీ సన్నగా మండుతూనే ఉందన్న, గొట్టాల్లో గ్యాస్ ఉందన్న సంగతి వాళ్ళకి ఎవడూ చెప్పలేదు. ఇద్దరూ పడిపోయారు. ఒకడు మా వైపు మనిషి గోవిందరావు. రెండోవాడు బుధ్‌రామ్, నది అవతలి ఊరివాడు.

కూర్మారావు నడిచి వచ్చాడు. కొక్కెం నుంచి సిలిండరు తీసి, అలవాటుగా గేజీ మీద వేలితో కొట్టి చూశాడు. ముల్లు సున్నా దగ్గర ఉంది. రెండోదీ అంతే. నా వైపు ఒకసారి చూశాడు. బీరువా తెరిచి మూడోది వీపున వేసుకుని, తాడు చివర నా చేతిలో పెట్టి దిగాడు.

గోవిందరావుని తాడుకి కట్టాడు, మేము లాగాం. వాడు బతికాడు. బుధ్‌రామ్ కాలు గొట్టం కింద ఇరుక్కుంది. దాన్ని తప్పించలేక కింద బాబాయి పెనుగులాడుతూ ఉండగానే సిలిండరు ఈల వేసింది, గాలి అయిపోతోందని. ఆయన పైకి వచ్చాడు. మాస్కు తీస్తే మొహం నీలంగా ఉంది. ఊళ్ళో పెద్ద ఫైర్ స్టేషను నుంచి సిలిండర్లు తేవడానికి జీపు అప్పటికే పంపాడు. అది రావడానికి ఇరవై నిమిషాలు.

ఆ ఇరవై నిమిషాలూ పైన చేరిన జనాన్ని చూడాలి. పండుగ బట్టల్లో, చేతుల్లో ప్రసాదం పొట్లాలతో, గుంట చుట్టూ వంగి, "దిగండి, ఎవరైనా దిగండి" అని అరుపులు. దిగమనేవాడే గాని దిగేవాడు లేడు. ఇంకొకడి ప్రాణంతో ధైర్యం చెయ్యడం ఎంత సులువు! మేనేజర్ సాహెబు మరీ దారుణం. "ఔర్ ఆద్మీ భేజో, ఇంకో మనిషిని పంపించు!" అని కూర్మారావు చెవిలో గొంతు చించుకుంటున్నాడు. మనిషంటే ఆయనకి బస్తా.

ఆ అరుపులకి నాకు పూనకం వచ్చింది. నాది సాహసం కాదు. రెండు సిలిండర్లూ తాగేసింది నేనే అన్న భయం ఒక పక్క, రుక్మిణి చూస్తోందన్న సిగ్గు ఇంకో పక్క. భుజం మీది తువ్వాలు బకెట్టులో ముంచి మూతికి కట్టి మెట్ల వైపు వెళ్ళాను. జనం నా పేరు పెట్టి అరిచారు. కూర్మారావు అడ్డం వచ్చి నా నడుం పట్టుకున్నాడు.

"ఒగ్గీ బాబాయ్! నా వల్లే అయింది, నాను దిగుతాను!"

"నీ వల్లయితే నువ్వు సచ్చిపోతే తీరిపోద్దేటి? ఆదీ, తాడట్టుకురా!"

ఇద్దరూ కలిసి నన్ను రెయిలింగుకి కట్టేశారు, రెండు మోకులు బిగించి. నేను తన్నాను, బూతులు తిట్టాను, ఏడ్చాను. జనం కూర్మారావు మీద చెప్పు విసిరారు. ఆయన కదలలేదు. గుంటకి అడ్డంగా నిలబడి, మరొక్కణ్ణి కూడా దగ్గరికి రానివ్వలేదు. జీపు వచ్చింది. కొత్త సిలిండరు గేజీ వేలితో కొట్టి చూసుకుని, నడిచి వెళ్ళి, దిగి, బుధ్‌రామ్‌ని తెచ్చాడు. అప్పటికే ప్రాణం లేదు.

బుధ్‌రామ్ భార్య సోమ్‌వారీ కూడా పండుగ చూడటానికే వచ్చింది. నన్ను చూసింది, రెయిలింగుకి కట్టేసి ఉన్నవాణ్ణి. కూర్మారావుని చూసింది. వెళ్ళి ఆయన మొహాన ఉమ్మేసింది. జనం చప్పట్లు కొట్టారు, పొద్దున నా ఆటకి కొట్టినట్టే.

వారం తిరక్కుండా విచారణ పెట్టారు. ఆట ఆడించినవాడు సాహెబు, గుంటలోకి కూలీలని దించినవాడు ఠేకేదారు. వాళ్ళిద్దరూ బల్లకి అవతలి వైపు కూర్చున్నారు. నన్ను అడిగారు: నిన్ను కట్టకపోతే బుధ్‌రామ్‌ని తెచ్చేవాడివా? తెచ్చేవాణ్ణి సాబ్ అన్నాను. సిలిండర్లు ఎందుకు ఖాళీగా ఉన్నాయి? గేజీలు చూసుకోవడం మేస్త్రీ పని సాబ్ అన్నాను. ఆ మాట అన్న నాలుక ఇది. కూర్మారావుని అడిగితే ఒక్కటే చెప్పాడు: "సిలిండర్లు నా జిమ్మా, సాబ్." నా పూచీ అని.

బయట సైకిలు తీసుకుంటూ ఉంటే వెనకాలే పోయాను. ఎందుకు చెప్పలేదు బాబాయ్ అని అడిగాను.

"సెప్తే ఏటవుద్ది? నిన్ను తీసీత్తారు. నీ జాగాలోకి గేజీ మొకం తెలీనోడొకడొత్తాడు. నీకిప్పుడు తెలిసింది. ఒక మనిసి పేనం పెట్టి నేర్సుకున్నావు. దాన్ని పారీకు" అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆయన్ని బూడిద తోడే పనికి మార్చారు. నాకు షీల్డు ఇచ్చి, మేస్త్రీని చేశారు. సిద్ధగోరాలో ఉండే సీతారామరావుగారని ఒక ఇంజనీరు, తెలుగు సంఘం కార్యదర్శి, ఉగాది నాడు నాకు శాలువా కప్పి, తెలుగువాడి పరువు నిలబెట్టావోయ్ అని వీపు చరిచాడు. వెనక బంతిలో కూర్మారావు, ఆయన భార్య సన్యాసమ్మ తలదించుకుని పులిహోర తింటున్నారు. ఆయన్ని అందరూ తాళ్ళ కూర్మారావు అనేవారు. సన్యాసమ్మ కుళాయి దగ్గరికి వెళ్తే బిందె వెనక్కి నెట్టేసేవారు. నేను శాలువా విప్పి కింద పడెయ్యలేదు. మడత పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

ఒక్క పని మాత్రం సరిగ్గా చేశాను. రోజూ పొద్దున్నే మూడు గేజీలూ వేలితో కొట్టి చూసేవాణ్ణి. పూజ రోజున ఆట ఎలాగూ ఆపలేకపోయాను గాని, గాలి నింపే గది తాళంచెవి ఆ ఒక్క రోజు నా దగ్గరే ఉండేట్టు పోట్లాడి సాధించుకున్నాను. ఆట అవ్వగానే నింపించేవాణ్ణి, తర్వాతే లడ్డూ.

కాని ఆటకి ముందు మైకు పట్టుకుని నా సాహసగాథ చెప్పాలని సాహెబు ఆనవాయితీ పెట్టాడు. ఏడేళ్ళు చెప్పాను. ఏటేటా కొంచెం కలిపాను. మెట్టు మీద ఒక కాలు పెట్టాను, వెనక నుంచి లాగేశారు అనేవాణ్ణి. ఆ కాలు నాది కాదు, 1964లో కూర్మారావుది. ఆయన పరువు చాలక ఆయన కాలు కూడా దొంగిలించాను. సోమ్‌వారీకి అదే కార్ఖానాలో ఊడ్చే పని ఇచ్చారు. ఏడేళ్ళూ ఆమె చీపురు పట్టుకుని గోడ వారన నిలబడి, తన మనిషి చావుని నా నోటి నుంచి కథగా వింది.

1985 ఎండల్లో కూర్మారావు రిటైరయ్యాడు. ఒక దండ కూడా వెయ్యలేదు ఎవరూ. ఆ సెప్టెంబరులో మైకు నా చేతికి ఇచ్చినప్పుడు గోడ వారన సోమ్‌వారీ కనబడింది. ఎప్పటిలాగే వినడానికి సిద్ధంగా, చీపురు కాళ్ళ దగ్గర పెట్టుకుని ఉంది. నా మీద నాకే రోత పుట్టింది. చెప్పేశాను. రెండు సిలిండర్లూ నేనే ఖాళీ చేశానని, నింపించలేదని, దిగి ఉంటే రెండో శవాన్నయ్యేవాణ్ణని, నన్ను కట్టేసి కూర్మారావు నన్ను బతికించాడని, విచారణలో అబద్ధం ఆడానని హిందీలో, నలుగురికీ వినబడేట్టు చెప్పాను.

చప్పట్లు! సాహెబు మైకు తీసుకుని, "చూశారా, వీరుడికి ఎంత వినయమో" అన్నాడు. మళ్ళీ చప్పట్లు. ముందు వరసలో రుక్మిణి కళ్ళు ఒత్తుకుంటోంది. ఆ క్షణంలో ఆ జనం మొత్తాన్ని తీసుకెళ్ళి బూడిదగుట్టలో పారబోయాలనిపించింది, నాతో సహా.

ఆదిబాబు కొత్తవాళ్ళతో ఆట మొదలుపెట్టాడు. నేను వేదిక దిగి పక్కకి వచ్చాను. సోమ్‌వారీ ఎదురుగా వచ్చి నిలబడింది.

"తో మేరే ఆద్మీకా హవా తుమ్ ఖా గయే?" అంది మెల్లగా. నా మనిషి గాలి నువ్వు తినేశావా అని.

అవునన్నాను. ఉమ్ముతుందనుకున్నాను. ఉమ్మినా బాగుండేది. ఆ ముసలాయన ఇల్లెక్కడ అని అడిగింది. నేను తీసుకెళ్తానన్నాను. భుయ్యాడీహ్‌కి అరగంట నడక. దారంతా ఆమె నా వెనకే నడిచింది. నాకు మాత్రం గుండె తేలికపడినట్టుంది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, గొప్ప పని చేశానని లోపల్లోపల పొంగిపోతున్నాను.

కూర్మారావు గుమ్మం ముందు బల్ల మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాడు. సోమ్‌వారీ ఆయన ఎదురుగా నిలబడి, ఆ రోజు మీ మీద ఉమ్మేశాను అంది. ఆయన ఆమెను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది.

"అప్పుడే తుడిచీసుకున్నానమ్మా" అన్నాడు తన సోంపేట హిందీలో. బల్ల మీద జరిగి చోటిచ్చాడు. ఆమె కూర్చుని, చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సన్యాసమ్మ లోపలి నుంచి మంచినీళ్ళు తెచ్చి, ఆమె పక్కన గ్లాసు పెట్టి, వీపు మీద చెయ్యి వేసింది. నా మొహం మాత్రం చూడలేదు.

నేను గొంతు సవరించుకున్నాను. "బాబాయ్, ఇయేళ మైకులో అంతా సెప్పీసినాను. నిజమంతా."

ఆయన చేట పక్కన పెట్టి నన్ను చూశాడు.

"ఇయేళ పూజ కదా. ఆట ఆడినారా?"

"ఆడతన్నారు. ఆదిబాబు..."

"మరి నువ్వేటి ఇక్కడున్నావు? సిలిండర్లు నింపించినావా?"

జేబులో చెయ్యి పెట్టాను. గాలి నింపే గది తాళంచెవి వేళ్ళకి తగిలింది.

పరుగెత్తకూడదని నాకు మొట్టమొదట నేర్పినవాడు కూర్మారావు. ఆయన కళ్ళ ముందే, కార్ఖానా వైపు, రొప్పుకుంటూ పరుగెత్తాను.